టులెట్ బోర్డు ముందు నిలబడి...

మొదటి ఇల్లు ఉండటానికి. రెండో ఇల్లు సంపాదించి పెట్టడానికి. పోటీ మీదున్న హైదరాబాద్ మార్కెట్లో ఆ రెండో ఇల్లు కొనబోయేవారు ముందుగా ఎవరి కళ్లతో చూడాలి?

2023 ఆగస్టు 3. కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్ వేలం నడుస్తోంది. కనీస ధర ఎకరానికి 35 కోట్లు. 3.60 ఎకరాల ఒక ప్లాటు దగ్గర పాట పెరుగుతూ పెరుగుతూ వెళ్లి, ఎకరం 100 కోట్ల 75 లక్షల దగ్గర ఆగింది. ఆ రోజు అమ్ముడైన ఏడు ప్లాట్లు కలిపి 45.33 ఎకరాలు. వచ్చిన సొమ్ము 3,319.60 కోట్లు. ఎకరానికి 4,840 గజాలు. అంటే ఆ ప్లాటులో గజం 2 లక్షల 8 వేలు పలికిందన్నమాట.

ఆ అంకె కోకాపేటలోనే ఉండిపోలేదు. టీవీ తెర మీద నుంచి దిగి నిజాంపేట, బాచుపల్లి, అమీన్‌పూర్, కొల్లూరు అపార్ట్‌మెంట్లలోకి నడిచి వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర కూర్చుంది. ‘ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేం’ అనే మాటగా మారింది. సొంతిల్లు అప్పటికే ఉన్నవాళ్లను కూడా ఆ మాట నిద్రపోనివ్వలేదు. పిల్లల చదువుకో, రిటైరయ్యాక ఆసరాకో ఇంకో ఫ్లాట్ కొని పడేస్తే బాగుంటుందనుకుని, ఆదివారం పొద్దున్నే సైట్ విజిట్లకు బయల్దేరేవాళ్లు ఎందరో.

అదే కోకాపేటకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 2006లో అప్పటి హుడా ఇక్కడే భూములు వేలం వేసింది. పాట ఎకరం 14 కోట్ల దాకా వెళ్లింది. ఆ రోజుల్లో అది కళ్లు తిరిగే ధర. ఆ తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది, టైటిల్ వివాదాలు కోర్టుకెక్కాయి, కొన్నవాళ్లలో కొందరు కట్టిన డబ్బు వెనక్కిమ్మని తిరిగారు. చివరకు అక్కడి భూమి విలువ పెరిగిన మాట నిజమే. కానీ ఆ పెరుగుదలకూ 2006కూ మధ్య ఏళ్లకేళ్లు నడిచాయి. పెద్ద కంపెనీలు ఆ ఏళ్లను తట్టుకోగలవు. నెలనెలా ఈఎంఐ కట్టే జీతగాడికి ఒక్కో ఏడాదీ బరువే.

కాగితం మీద కాసేపు

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులే అయిన ఒక ఇంటిని ఊహించుకుందాం. ఉంటున్న ఫ్లాట్ అప్పు తీరింది. నగరానికి పడమటి వైపున, ఇంకా కడుతున్న టవర్లో 1,250 చదరపు అడుగుల ఫ్లాట్ చూశారు. ధర 80 లక్షలు. సేల్స్ కుర్రాడు ఆ అంకె ఒక్కటే పెద్దక్షరాల్లో రాసిచ్చాడు.

కడుతున్న ఇల్లు కాబట్టి 5 శాతం జీఎస్టీ, అంటే 4 లక్షలు. రిజిస్ట్రేషన్ నాడు తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే 6 లక్షలు. కార్పస్ ఫండ్, క్లబ్‌హౌస్ చార్జీలు, అద్దెకివ్వాలంటే తప్పని వార్డ్‌రోబ్‌లు, వంటగది పని కలిపి ఇంకో నాలుగైదు లక్షలు. 80 లక్షల ఇల్లు తాళం చేతికొచ్చేసరికి 94, 95 లక్షలవుతుంది.

బ్యాంకు ఎంతిస్తుంది? రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు అప్పుకు ఇంటి విలువలో 80 శాతం దాకానే. 75 లక్షలు దాటితే 75 శాతమే. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపనివ్వరు. కాబట్టి అప్పు 64 లక్షలు, చేతి నుంచి పెట్టాల్సింది దాదాపు 30 లక్షలు. ‘మార్జిన్ 16 లక్షలు ఉంటే చాలు’ అని లెక్కేసుకుని టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి, తర్వాత పర్సనల్ లోన్ కోసం పరుగెత్తే కుటుంబాలకు ఇబ్బంది మొదలయ్యేది ఇక్కడే.

64 లక్షల మీద ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ రూ.55,500. ఆ ఫ్లాట్‌కు నెలకు పాతికవేలు అద్దె వస్తుందనుకుందాం. మిగతా ముప్పై వేల చిల్లర ప్రతి నెలా జీతంలోంచే వెళ్లాలి. ఇరవై ఏళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే 69 లక్షలు. అసలు కంటే ఎక్కువ.

ఏడాదికి అద్దె 3 లక్షలు. పెట్టిన మొత్తం మీద చూస్తే మూడు శాతానికి కాస్త పైన. ఒక నెల ఖాళీగా ఉందనుకోండి, ఆస్తిపన్ను, రంగులు, ప్లంబరు, బ్రోకరు కమీషన్ తీసేయండి. మూడు శాతం కిందికి దిగిపోతుంది. అప్పుకు కడుతున్నది ఎనిమిదిన్నర. అంటే ఇంటి ధర ఏటా దాదాపు ఆరు శాతం పెరిగితే ఆ కుటుంబం నష్టపోకుండా నిలబడుతుంది. లాభం ఆ పైన మొదలవుతుంది.

పన్ను మినహాయింపు ఆదుకుంటుందనే నమ్మకం కూడా చాలామందిలో ఉంది. పాత పన్ను విధానంలో, అద్దెకిచ్చిన ఇంటి మీద వచ్చే నష్టంలో ఏడాదికి 2 లక్షల దాకా జీతం ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో జీతంలోంచి ఆ తగ్గింపు అసలు లేదు. అద్దె మీద 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ మాత్రం రెండింటిలోనూ ఉంది. ఇప్పుడు ఉద్యోగుల్లో ఎక్కువమంది కొత్త విధానంలోనే ఉన్నారు కాబట్టి, పదేళ్ల కిందట బాబాయో మావయ్యో చెప్పిన ‘లోన్ తీసుకుంటే టాక్స్ కలిసొస్తుంది’ అనే లెక్క వీళ్లకు పనికిరాదు.

వడ్డీ రేటూ స్థిరంగా ఉండేది కాదు. 2022 మే వరకు 4 శాతం ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికల్లా ఆరున్నరకు ఎక్కింది. 2025 డిసెంబరు నాటికి 5.25కు దిగింది. ఎక్కినప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐని అలాగే ఉంచి గడువు పెంచాయి. ఎన్నేళ్లు పెరిగిందో చాలామంది స్టేట్‌మెంట్ తీసి చూసుకునేదాకా గమనించలేదు.

పోటీ ఎవరి మధ్య?

కొనేటప్పుడు కనిపించే పోటీ ఒకటి. ‘ఈ రేటు ఆదివారం దాకానే సార్’, ‘తూర్పు ఫేసింగ్‌లో రెండే మిగిలాయి మేడమ్’ అంటారు. చుట్టూ పది కుటుంబాలు బ్రోచర్లు తిరగేస్తుంటాయి. ఆ హడావుడిలో మనసు ఆగదు.

అసలు పోటీ తర్వాత మొదలవుతుంది. అది అద్దెదారు కోసం ఇంటి ఓనర్ల మధ్య జరిగే పోటీ. దాని గురించి సైట్ ఆఫీసులో ఎవరూ చెప్పరు.

హైదరాబాద్‌కు ఒక ప్రత్యేకత ఉంది. 2006లో వచ్చిన జీవో 86 ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఎత్తేసింది. స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలనే హద్దు మిగతా మహానగరాల్లో ఉంటుంది. ఇక్కడ రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు, ఫైర్, ఎయిర్‌పోర్ట్ అనుమతులు కుదిరితే పైకి వెళ్తూనే ఉండొచ్చు. కోకాపేటలో యాభై అంతస్తులు దాటిన టవర్లు లేస్తున్నాయంటే కారణం అదే. భూమి ధర ఆకాశాన్నంటిన చోట అంతస్తులు కూడా ఆకాశం వైపే వెళ్తాయి. ఇళ్ల కొరతతో అద్దెలు పెరుగుతాయనే ముంబై తరహా ఊహ ఇక్కడ అంత తేలిగ్గా నిలబడదు.

వెయ్యి ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీలో తాళాలు ఇచ్చిన నెలను తలచుకోండి. పెట్టుబడికి కొన్న వందలాది మంది ఒకేసారి, ఒకే గేటు లోపల, ఒకే రకం ఫ్లాట్లను అద్దెకు పెడతారు. అద్దెదారుకు ఎంచుకునే అవకాశం అప్పుడు ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఏసీలు బిగించినవాడికి ముందు దొరుకుతాడు. రెండు వేలు తగ్గించినవాడికి తర్వాత దొరుకుతాడు. మిగిలినవాళ్లు మూడు నెలలు మెయింటెనెన్స్ చేతి నుంచి కట్టుకుంటూ ఎదురుచూస్తారు.

అందుకే ఈ కథనం నొక్కి చెప్పదలచింది ఒక్కటే. పెట్టుబడి ఇంటిని కొనేవారి కళ్లతో చూడకూడదు. అద్దెకు దిగేవారి కళ్లతో చూడాలి.

అద్దెకు దిగేవారు ఏం అడుగుతారు? హైదరాబాద్‌లో ఇల్లు వెతికిన ఎవరికైనా ఆ ప్రశ్నలు నోటికొచ్చు. ‘మంజీరా వాటరా, బోరా?’ ‘ఎండాకాలం ట్యాంకర్లు తెప్పిస్తారా?’ ‘మెయింటెనెన్స్ కలిపేనా?’ ‘ఆఫీసుకు ఎంతసేపు?’ ‘పాప స్కూలు బస్సు లోపలిదాకా వస్తుందా?’ స్విమ్మింగ్ పూల్ ఉందా అన్నది చాలా ఆలస్యంగా వచ్చే ప్రశ్న. తూర్పు ఫేసింగ్ కోసం బిల్డర్‌కు అదనంగా కట్టిన డబ్బు అద్దెలో రాదు. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన ఐటీ ఉద్యోగి బాల్కనీలోకి గాలి వస్తుందా అని చూస్తాడు తప్ప గుమ్మం ఏ దిక్కున ఉందో అడగడు. రేపు అమ్మేటప్పుడు తెలుగు కుటుంబాలు వాస్తు చూస్తాయి కాబట్టి ఆ డబ్బు పూర్తిగా వృథా అనలేం. అద్దె లెక్కలో మాత్రం దాన్ని చేర్చుకోకూడదు.

సూపర్ బిల్టప్ ఏరియాది కూడా ఇదే దారి. కామన్ ఏరియా, లిఫ్టు లాబీ, క్లబ్‌హౌస్ వాటా అన్నీ కలిపిన అంకెకు డబ్బు కడతాం. అద్దెదారు మంచం వేసుకునేది కార్పెట్ ఏరియాలో. కార్పెట్ ఏరియా ఎంతో చెప్పి తీరాలని రెరా చట్టం అంటోంది. ధరను ఆ అంకెతో భాగించి చూస్తే, చవక అనుకున్న టవర్ కంటే ఖరీదనుకున్న పక్క వీధి అపార్ట్‌మెంటే నయమనిపించే సందర్భాలు చాలానే ఉంటాయి.

పాత ఇంటి బలం

ఇదే కోణంలో చూస్తే మియాపూర్, కూకట్‌పల్లి, కొండాపూర్ లాంటి చోట్ల పది పదిహేనేళ్ల నాటి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు వేరే రంగులో కనిపిస్తాయి. బ్రోచర్ ఉండదు, గోడలకు కాస్త పెచ్చులూడి ఉంటాయి. కానీ 2017 నవంబరులో మియాపూర్‌కు మెట్రో వచ్చింది. నీటి కనెక్షన్ ఉంది. స్కూళ్లు, ఆస్పత్రులు, టిఫిన్ సెంటర్లు అన్నీ పక్కనే. రీసేల్ కాబట్టి జీఎస్టీ లేదు. అన్నింటికంటే ముఖ్యం, రిజిస్ట్రేషన్ అయిన మరుసటి నెల నుంచే అద్దె వస్తుంది. కడుతున్న టవర్లో మూడేళ్లు వడ్డీ కట్టుకుంటూ కూర్చునే వ్యవధిలో ఇక్కడ ముప్పై ఆరు అద్దెలు చేతికి అందుతాయి.

భూమి వాటా కూడా చూడాలి. ఎకరంలో వంద ఫ్లాట్లుంటే ఒక్కో ఫ్లాట్‌కు సగటున 48 గజాల అవిభాజ్య వాటా వస్తుంది. రెండొందల ఫ్లాట్లుంటే 24 గజాలే. గోడలకు ఏటా వయసు మీద పడుతుంది, భూమికి పడదు. కట్టడం పాతబడి మళ్లీ కట్టించే రోజు వస్తే బలం ఆ గజాలదే.

పాతవాటికి చిక్కులూ ఉన్నాయి, దాచడానికి లేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేనివి చాలా ఉన్నాయి. అనుమతికి మించి పెంట్‌హౌస్ లేపినవి ఉన్నాయి. లిఫ్టు మార్చాలంటే పదిమంది ఓనర్లను ఒప్పించాలి. కట్టడం వయసు చూసి బ్యాంకు అప్పు గడువు తగ్గించవచ్చు. ధరలో కొంత నగదుగా ఇచ్చి తక్కువ విలువకు రిజిస్టర్ చేయించుకుందామనే మాట కూడా ఎక్కువగా రీసేల్‌లోనే వినిపిస్తుంది. అది చట్టవిరుద్ధం. పైగా రేపు అమ్మేనాడు కొన్న ధర కాగితం మీద తక్కువగా ఉండి, లాభం ఎక్కువగా కనిపించి, పన్ను పెరుగుతుంది. 2024 జులై 23 తర్వాత కొన్న ఆస్తిని రెండేళ్లు దాటాక అమ్మితే ఇండెక్సేషన్ లేకుండా లాభం మీద పన్నెండున్నర శాతం పన్ను. ఇవాళ మిగిలిందనుకున్న స్టాంపు డ్యూటీ అప్పుడు ఇలా పోతుంది.

ఇంకో మాట. ఆస్తి విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే కొన్నవారే ఒక శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ ఒక్క శాతం చాలదు, లెక్కే వేరు. గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల్లో అమెరికాలో ఉన్నవాళ్ల ఫ్లాట్లు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. ఈ సంగతి తెలియక ఒక్క శాతమే పట్టుకున్నవారికి తర్వాత నోటీసులు వస్తాయి.

సగం ధరకే ఇస్తామన్నప్పుడు

చదరపు అడుగు మార్కెట్లో ఏడు వేలుంటే ‘ప్రీలాంచ్‌లో మూడున్నర వేలకే’ అంటారు. షరతు ఒకటే, మొత్తం డబ్బు ముందే కట్టేయాలి. బదులుగా భూమిలో ఇన్ని గజాల వాటా రిజిస్టర్ చేసిస్తామంటారు. దీనికే యూడీఎస్ అమ్మకం అని పేరు. అప్పటికి ప్లాన్ అనుమతి ఉండదు, రెరా నంబరు ఉండదు, కొన్నిసార్లు భూమి కూడా పూర్తిగా బిల్డర్ చేతికి వచ్చి ఉండదు. ఈ పద్ధతిలో వేల కుటుంబాలు హైదరాబాద్ చుట్టుపక్కల డబ్బు పోగొట్టుకున్నాయి. అరెస్టులు జరిగాయి, కేసులు నడుస్తున్నాయి. రిటైర్మెంట్ సొమ్ము మొత్తం పెట్టినవారు చేతిలో రసీదులతో ధర్నాలు చేసిన దృశ్యాలు చూసినవారికి ఆ సగం ధర వెనక ఏముందో తెలుసు. బ్యాంకే ధైర్యం చేసి అప్పివ్వని చోట ఒక సామాన్య కుటుంబం జీవితకాలపు పొదుపు పెట్టడం అన్యాయం. అది ఆ కుటుంబం తనకు తాను చేసుకునే అన్యాయం కాదు, అమ్మినవాళ్లు చేసింది.

రెరా చట్టం చెప్పేది స్పష్టంగా ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో, లేదా ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లు కడుతున్న చోట, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతం మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. కొనుగోలుదార్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉంచాలి. అప్పగించాక ఐదేళ్ల లోపు కట్టడంలో లోపాలు బయటపడితే బిల్డరే బాగుచేయాలి. మొత్తం ముందే అడుగుతున్నారంటే, మొదటి మాటలోనే చట్టం దాటారన్నమాట.

అనుమతులున్న ప్రాజెక్టులోనూ చూసుకోవాల్సింది ఒకటుంది. నిబంధనలు మీరి కట్టకుండా, కట్టడంలో పది శాతం భాగాన్ని బిల్డరు మున్సిపాలిటీకి తనఖా పెడతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. కొనబోయే ఫ్లాట్ ఆ పది శాతంలో ఉందేమో ముందే అడిగి తెలుసుకోవాలి.

చెరువుల సంగతి 2024 దాకా చాలామందికి పట్టలేదు. ఆ ఏడాది జులైలో, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పాటైంది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంటలో ఎన్ కన్వెన్షన్ హాలును కూల్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు ఇంటింటా వినిపించాయి. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు ఎఫ్‌టీఎల్. 25 ఎకరాలకు, అంటే పది హెక్టార్లకు మించిన చెరువైతే ఆ హద్దు నుంచి ఇంకో 30 మీటర్లు, చిన్న కుంటలైతే 9 మీటర్లు బఫర్. ‘లేక్ వ్యూ’ అని రాసిన బాల్కనీలో నిలబడి ఆనందించే ముందు హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఆ చెరువు మ్యాపు తెరిచి చూడటం పది నిమిషాల పని.

ఇవన్నీ అయ్యాక కూడా లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ, నిషేధిత జాబితా చూపించుకోవడానికి సొంత లాయరు కావాలి. బిల్డరు చూపించిన లాయరు కాదు. ఆ ఫీజు చదరపు అడుగుల లెక్కలో పంచి చూస్తే కనిపించనంత చిన్నది.

దూరం నుంచి కొనేవారికి

డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో కొనేవారికి చిక్కులు వేరు. ఎన్‌ఆర్‌ఐలు ఇల్లు, వాణిజ్య స్థలం కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా నిబంధనలు ఒప్పుకోవు. షాద్‌నగర్ వైపు ‘ఫామ్ ప్లాట్’ అంటూ వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. విదేశంలో రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఎన్‌ఆర్‌ఐ ఓనర్‌కు అద్దె కట్టేవారు 30 శాతానికి పైగా టీడీఎస్ పట్టుకోవాలి. అద్దెదారుకు ఇది తలనొప్పి. ఇద్దరు ఓనర్లుంటే ఊళ్లో ఉన్నవారి ఇంటికే ఆయన మొగ్గుతాడు.

ప్లాట్లంటే మనవాళ్లకున్న మమకారం గురించి కూడా చెప్పుకోవాలి. అమరావతిలో రాజధాని కోసం 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. ఆ ఉత్సాహంలో చుట్టుపక్కల ఎంతోమంది ఉద్యోగులు, ఎన్‌ఆర్‌ఐలు ప్లాట్లు కొన్నారు. 2019 డిసెంబరు 17న మూడు రాజధానుల మాట వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారేదాకా, నాలుగున్నరేళ్లు ఆ ప్లాట్లు కదల్లేదు. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. ఓపిక పట్టగలిగినవారు ఊపిరి పీల్చుకున్నారు. మధ్యలో ఆడపిల్ల పెళ్లికో ఆస్పత్రి ఖర్చుకో తెగనమ్ముకున్నవాళ్లకు ఆ ఊరట దక్కలేదు. ఖాళీ ప్లాటు ఎదురుచూసే కాలానికి అద్దె ఇవ్వదు. అప్పు చేసి కొన్న ప్లాటైతే ఎదురుచూపుకూ వడ్డీ కట్టాలి.

ఆదివారం సాయంత్రం

మొదటి పెట్టుబడి ఇల్లు కొనాలనుకునే కుటుంబం సైట్ ఆఫీసుకు వెళ్లే ముందు చేయదగిన పని ఒకటుంది. దానికి ఖర్చు లేదు. కొనాలనుకున్న వీధిలో ఆదివారం సాయంత్రం కాలినడకన తిరగడం. గేట్లకు వేలాడే టులెట్ బోర్డులు లెక్కపెట్టడం. బోర్డు కొత్తదా, ఎండకు వెలిసిపోయిందా చూడటం. ఆ నంబరుకు ఫోన్ చేసి అద్దె ఎంతో అడగడం, అడ్వాన్సు రెండు నెలలదో మూడు నెలలదో కనుక్కోవడం. రాత్రి ఎనిమిదింటికి ఎదురుగా నిలబడి ఎన్ని కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయో చూడటం. పెట్టుబడికే కొని వదిలేసిన టవర్లు ఆ వేళకు సగం చీకటిగా ఉంటాయి.

ఆఖరికి వాచ్‌మన్ దగ్గర ఆగాలి. ఏ ఫ్లాట్ ఎన్ని రోజుల నుంచి ఖాళీగా ఉందో, ఎవరు ఎందుకు వెళ్లిపోయారో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

‘‘అన్నా, ఇక్కడ ఇల్లు ఖాళీ అయితే మళ్లీ ఎన్ని దినాలకు నిండుతది?’’

‘‘డబుల్ బెడ్‌రూం అయితే వారం, పది దినాలు సార్. త్రిబుల్ అయితే రెండు నెలలు కూడా పడ్తది.’’

‘‘ఏప్రిల్ల నీళ్లెట్ల?’’

అప్పుడు ఆయన చెప్పే జవాబు కోసం కాసేపు ఆగాలి. వీలైతే అక్కడే కూర్చుని ఒక టీ తాగాలి.